తూర్పుకు జారిన లక్క

చూసినవాళ్ళు చెప్పండి, రాజుగారి కొత్త సభలో ఆ బల్ల మీద మీకేం కనిపించింది? ఒకే మాను పలక. దాని మీద వేలెడు మందాన కరిగించి పోసిన లక్క, తూర్పు అంచుకే పోయి గడ్డకట్టింది.

"వంకర చేతిదానా! నీ వేళ్ళు నరికిస్తా!" అని అరిచాడు, ఆ కొత్త సభను దగ్గరుండి కట్టించిన దివాన్.

లక్కపని చేసే నూకాలు బెదరలేదు. "అలాగే బాబూ. ముందు బల్లను అటుది ఇటు తిప్పించి, తమరి చేత్తో పొయ్యండి."

రాజుగారి ఎదుటే దివాన్ బల్ల తిప్పించి పోశాడు. లక్క మళ్ళీ తూర్పుకే జారింది.

"బల్ల తిరిగింది, చెయ్యి మారింది. మారనిది తమరు కట్టించిన నేలే బాబూ!"

రాజు నూకాలును పీట వేసి కూర్చోబెట్టి, నేల తవ్వి సరిచెయ్యమని దివాన్ చేతికి గునపం ఇచ్చాడు.

కూలి చేతిని తిట్టేముందు తన కాళ్ళకింది నేల చూసుకునే దొర మీ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడా?