దొరగారి పగిలిన చెండు

కుందవరం దొరకి కర్రతో చెండు కొట్టి గుంటలో వేసే ఆటంటే పిచ్చి. ఆటలో చెండు పగిలితే ఆ దెబ్బ చెల్లదు, కొత్త చెండుతో మళ్లీ కొట్టొచ్చు. ఒకనాడు పందెంలో దొర కొట్టిన చెండు ముళ్లపొదలో పడింది. దొర దానిమీది గీత చూపించి, "పగిలింది! ఆట కాగానే దీన్ని చేసిన వడ్రంగికి పది కొరడా దెబ్బలు" అన్నాడు.

అక్కడే ఉన్న వడ్రంగి కొండలాచారి దాన్ని చెండ్ల సంచిలో వేసుకుని, మళ్లీ చెయ్యి పెట్టి ఒక చెండు తీసిచ్చాడు. దొర కొట్టాడు. అది సూటిగా పోయి గుంటలో పడింది, పందెం దొరదైంది.

"చెండంటే ఇదిరా!" అన్నాడు దొర.

కొండలాచారి చెండు తీసి గీత చూపించాడు. "ఇందాకటిదే దొరా. పగిలిందంటే తమరి గెలుపు చెల్లదు. పగల్లేదంటే నాకు కొరడా దెబ్బలు లేవు. తమరి చిత్తం."

దొర కొరడా లోపల పెట్టించాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ చెండూ పగల్లేదు.