ఎదురు తిరిగిన స్కాన్

విశాఖపట్నంలో మెదడు స్కాన్‌లకు లెక్కలు కట్టే సోమసుందరంగారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే ఔననరు, కాదనరు. ఒక పని పురమాయిస్తారు. ఆయన దగ్గర పీహెచ్‌డీలు ఓ పట్టాన తెమలవని పేరు.

శిష్యురాలు హిమజ ఒకనాడు అడిగింది. "సర్, నలభై మందిలో ఒక్కామెకు తప్ప అందరికీ మాట పుట్టే చోటు ఎడమవైపే వచ్చింది. ఆమె ఫైల్లో కుడిఎడమలు తారుమారై ఉంటాయి. తిప్పేస్తే నా సగటు చక్కగా కుదురుతుంది. తిప్పనా?"

"తిప్పు. తిప్పి, ఆ సంగతి వార్డులో ఆమెకు నువ్వే చెప్పిరా," అన్నారాయన.

ఆమె పేరు నూకరత్నం. హార్బర్లో చేపల వేలం పాడుతుంది. మూర్ఛ మెదడులో కుడివైపు మొదలవుతోందని డాక్టర్లు తేల్చారు. మాట అటువైపు లేదని హిమజ లెక్క చెబితే, మర్నాడు ఆ ముక్క కోసి తీసేస్తారు.

"తల్లీ, కోసేసినాక నాను పాట పాడగల్నా? నోరు పడిపోతే నానేటి సేసుకుని బతకాల?" అంది నూకరత్నం, హిమజ చెయ్యి పట్టుకుని.

"ఏం భయం లేదు, మీ మాట ఎడమ..." అని ఆగిపోయింది హిమజ. ఆ ఎడమ తాను తిప్పిన ఎడమ.

పరుగున వచ్చి అసలు స్కాన్ తెరిచింది. ఏది కుడో తెలియడానికి టెక్నీషియన్ ప్రతివారి కుడి కణత మీద ఒక నూనె మాత్ర అంటిస్తాడు. అది స్కాన్‌లో తెల్లచుక్కగా కనిపిస్తుంది. లెక్కల వాళ్లు ముందుగా చేసే ఘనకార్యం మెదడు తప్ప మిగతాదంతా చెరిపేయడం కాబట్టి, హిమజ ఆ చుక్కను ఏనాడూ చూసి ఎరగదు. ఇప్పుడు చూసింది. చుక్కా, మాటా ఒకే వైపున ఉన్నాయి.

విషయం తెలిసి సర్జన్ పద్ధతి మార్చాడు. నూకరత్నాన్ని మెలకువగా ఉంచి, వేలం పాడిస్తూ, పాట తడబడిన చోటల్లా చెయ్యి ఆపుకుంటూ కోశాడు. ఆమె మాట ఆమెకు దక్కింది.

అయినా హిమజకు థీసిస్ బెంగ తీరలేదు. "తిప్పను సరే సర్. పోనీ, లెక్కలోంచి తీసేయనా? ఆమె ఉంటే సగటు మనిషి కుదరడం లేదు."

సోమసుందరంగారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆ సగటు మనిషి వార్డులో ఏ మంచం మీదున్నాడో చూసిరా అమ్మా."