పొలంలో కూర్చున్న పూచీ మబ్బు

ఒకప్పుడు మబ్బులకు కాలమూ లేదు, వేళా లేదు. కింద ఎవరింట్లోనైనా బూరెల వాసన వచ్చిందంటే చాలు, పిలవని పేరంటానికి గుంపుగా దిగిపోయేవి. దిగినవి ఊరికే ఉంటాయా? ఉరిమి, మెరిసి, ఊరంతా తడిపి మరీ పోయేవి.

ఆ ఏడు దీపావళికి వచ్చాయి. ఒక్క దీపం వెలగలేదు. నాగులచవితికి వచ్చాయి. పుట్టలోకి నీళ్ళు పోయి, పాము పుట్ట మీదికెక్కి వణుకుతూ కూర్చుంది. "నా పాలు కొట్టుకుపోయాయి!" అని ఏడ్చింది పాపం. కార్తీక పౌర్ణమికి మళ్ళీ వచ్చాయి. ఈసారి గాలిని కూడా వెంటబెట్టుకొచ్చాయి.

అందరికన్నా ఎక్కువ నష్టపోయింది అప్పాయమ్మ. సముద్రం పక్కన ఆమెకు మూడు చెక్కల వరిపొలం ఉంది. మొదటి వానకు ఒక చెక్క, రెండోదానికి ఇంకో చెక్క మునిగి, వెన్నులు నీళ్ళలోనే మొలకెత్తాయి. మూడోసారి వచ్చిన గాలివాన చివరి చెక్కను వంచేసింది గానీ ముంచలేదు. అదీ పోతే ఇంటిల్లిపాదికీ ఏడాదంతా పస్తే. కోసిన పనలు ఎండేలోపు మళ్ళీ వాన పడితే? కోయకపోతే గింజ రాలిపోదూ?

అప్పాయమ్మకు ఒళ్ళు మండింది. కొడవలి పట్టుకుని గట్టెక్కి కేకేసింది.

"ఓలె మబ్బులూ! పండగలన్నీ మీరే సేసుకున్నారు. ఈ సలికాలమంతా ఏటి సేత్తారు? నిజం సెప్పండి!"

పెద్దమబ్బు పళ్ళికిలించింది. "ఇంక రాములే, అప్పాయమ్మా."

"మొన్నా ఇదే మాటన్నావు. నీ మాట నాకొద్దు. మీలో ఒకల్ని పూచీగా నా పొలంలో కూకోబెట్టు. మీ మనిషి మీద మీరు కురవరు కదా!"

మబ్బులన్నీ నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని తోసుకున్నాయి. వాటిలో బొద్దుమబ్బు మూడు పండగల బూరెలూ తిని కదల్లేకుండా ఉంది. ఆ తోపులాటలో అదే జారి, మెత్తగా పొలంలో పడింది.

తెల్లారేసరికి పొలమంతా తెల్లగా మూసుకుపోయింది. అప్పాయమ్మకు తన చేతిలో కొడవలే కనపడలేదు. కొంగ గట్టనుకుని గేదె మీద నిలబడింది. గేదె నడవగానే, "బాబోయ్, గట్టు పారిపోతోంది!" అని అరిచింది.

"ఓసి నీ బొజ్జ బంగారం కానూ! పక్కకి జరగవే, కోత కోసుకోవాలి!" అంది అప్పాయమ్మ.

"లేవలేనమ్మా, బరువు" అంది బొద్దుమబ్బు.

అంతలో సూర్యుడు వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. "బొద్దుమబ్బూ, రోజూ నాకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చో. నేను రాగానే నీ హాజరు వేసుకుని పైకి లాగేస్తాను. ఆ తర్వాత అప్పాయమ్మ కోసుకుంటుంది. నువ్వు పొద్దున్నే వచ్చావంటే ఆ రోజు వాన లేనట్టే, సరేనా?"

సరేనన్నారు. బొద్దుమబ్బు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. అప్పాయమ్మ కోసింది, పనలు ఆరబెట్టింది, నూర్చింది. ఒక్క చినుకు పడలేదు. ఇంటికొచ్చిన గింజల్ని గుప్పిట పట్టుకుని ఏడ్చేసింది. సంతోషంతోనే.

మర్నాడు పొద్దున్నే కొత్త బియ్యంతో పొలం గట్టు మీదే పరమాన్నం వండింది. బొద్దుమబ్బుకని పెద్ద ఆకులో వడ్డించి, "తినవే అమ్మా, ఇన్నాళ్ళూ సలిలో కూకున్నావు" అంది.

బొద్దుమబ్బు ఆశగా ఆకు మీదికి వంగింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే సూర్యుడొచ్చి, "హాజరు!" అని పైకి లాగేశాడు.

అప్పటినుంచే చలికాలం పొద్దున్న ఒక మబ్బు దిగివచ్చి పొలాల్లో కూర్చుంటోంది. మనం దాన్ని పొగమంచు అంటాం. అది కనపడితే రైతులు, ఈరోజు ఎండ కాస్తుందని ధైర్యంగా పనలు ఆరబెట్టుకుంటారు. ఎండ రాగానే అది పైకి పోతుంది. గడ్డి మీద మెరుస్తూ మిగిలే ఆ చుక్కలు ఏమిటంటారా? అందని పరమాన్నం కోసం దాని నోట్లో ఊరిన నీళ్ళు!