దండ పడిన మెడ

ఆ అడవిలో ఉడుతకు కూడా బిరుదుండేది. కుందేలు కదనకుఠారం, కప్ప కూపసార్వభౌముడు. తెల్లారి లేస్తే ఒకరి పరాక్రమం ఒకరు పొగుడుకోవడమే పని. ఎవరు ఏ యుద్ధం చేశారో మాత్రం అడగకూడదు. రాజు రణభీకరుడనే సింహం. మంత్రీ, ఆస్థానకవీ కూడా కీర్తిముఖుడనే నక్క.

అలాంటి వీరభూమిలో పైడమ్మ, సింహాచలం వచ్చి పడ్డారు. పైడమ్మ బస్టాండులో గోడ పోస్టర్లు తిని పెరిగిన మేక. సింహాచలం ఇటుకబట్టీ గాడిద. ఇద్దరినీ సంతకు తోలుకెళ్తున్న లారీ ఘాట్‌రోడ్డు మలుపులో ఒరిగిపోతే కిందికి దూకి, మంచులో దారి తెలీక ఓ కొండ సొరంగంలో దూరారు. ఇవతలికి తేలేసరికి ఈ లోకం. వెళ్ళిపోదామని వెనుదిరిగేసరికి, మేతకు పోయిన కొండచిలువ తిరిగొచ్చి సొరంగం నోటికి అడ్డంగా చుట్ట చుట్టుకుంది. అది బుసకొడితే నిప్పులు రాలుతున్నాయి.

అంతలో నక్క పరుగున వచ్చింది.

"వీరులారా, తమ నామధేయం?"

"సింహాచలం అంటారు బాబూ."

"ఆహా! పేరులోనే సింహం! బయటినుంచి వచ్చినవాడే మహాసర్పాన్ని వధిస్తాడని పెద్దల వాక్కు. ఆ వీరుడివి నువ్వే!" అంటూ ఇద్దరి మెడల్లోనూ బంతిపూల దండలు వేసేసింది.

గాడిద ఛాతీ ఉబ్బింది. పైడమ్మ మాత్రం దండను అనుమానంగా వాసన చూసింది.

"మాకు ముందు ఎవరైనా వచ్చారా బాబూ?" అనడిగింది.

"రాకేం? ఓ ఎద్దు వచ్చింది, ఓ పంది వచ్చింది. ఇద్దరూ వీరస్వర్గం అలంకరించారు. వాళ్ళ ధాటికి ఆ పాము నెలల తరబడి మూర్ఛపోయి పడుంది. పక్కనుంచి నడిచినా కన్ను తెరవలేదు!"

మూర్ఛ కాదు, భుక్తాయాసమని పైడమ్మకు అర్థమైపోయింది. సింహాచలాన్ని పక్కకు లాగింది.

"అక్కా, పుట్టి బుద్ధెరిగాక నన్నెవరైనా వీరుడన్నారా? గాడిద కొడకా అనడమే తప్ప."

"గాడిద కొడుకువి కాక గుర్రం కొడుకువా? ముందు నీ మెడ చూసుకో. పోయిన జాతరకి మా తమ్ముడికీ ఇలాగే దండేశారు, పసుపు పూశారు, డప్పులు కొట్టారు. మధ్యాహ్నానికి పులుసులో తేలాడు."

గాడిద ఉబ్బిన ఛాతీ చప్పబడింది. "పారిపోదామే!"

"ఎక్కడికిరా? దారి పాము వెనకే ఉంది. నోరుమూసుకుని నా వెంట రా." అప్పటికే తన దండ సగం నమిలేసింది.

కొలువు తీరింది. పైడమ్మ సింహం ముందు తలవంచింది.

"మహారాజా, చావడానికి మేం సిద్ధమే. కానీ మా ఊళ్ళో ఓ ఆచారముంది. దండ వేసిన పెద్దమనిషి ముందు నడవాలి. లేకపోతే దేవత ఒప్పుకోదు. తమరే ముందు నడిస్తే…"

సింహం ఉలిక్కిపడింది. గొంతు సవరించుకుంది. "నడిచేవాళ్ళమే! నిన్నటినుంచి పంజాలో ముల్లు. అయినా దండ వేసింది మేము కాదుగా. మంత్రీ, నువ్వెళ్ళు."

నక్క ముఖం పాలిపోయింది. "ప్రభూ, నేను కవిని…"

"మరీ మంచిది," అంది పైడమ్మ. "పద్యం పాడుతూ నడవండి. ఎవరొచ్చారో పాముకు తెలియొద్దూ?"

"భళా!" అని కొలువంతా చప్పట్లు కొట్టింది. తన మీదికి రాకపోతే చాలు, ఆ వీరులకు అన్నీ భళాలే.

కొండదారి సన్నగా ఉంది. ముందు నక్క, వెనక మేక, ఆ వెనక దారికి అడ్డంగా గాడిద. నక్క గొంతులో గొణుక్కుంటోంది.

"ఇదేం పాటయ్యా, పాడె మోస్తున్నట్టు? గట్టిగా పాడండి!"

"తల్లీ, నీకు పుణ్యముంటుంది. వెనక్కి పోనీ."

"ఆ ఎద్దూ ఇలాగే అడిగి ఉంటుంది. పోనిచ్చావా?"

పాము కనబడగానే నక్క చటుక్కున వెనుదిరిగి, మేకను తప్పించుకుని గాడిద కాళ్ళ సందున దూరబోయింది. సింహాచలం వెనక్కి తిరిగి రెండు కాళ్ళూ ఎత్తి ఒక్క తాపు తన్నాడు. "కుయ్యో!" అంటూ నక్క వెళ్ళి పాము ముందు పడింది. ఆస్థానకవి జీవితంలో గొంతెత్తి నిజం పలికింది ఆ ఒక్కసారే. కొండచిలువ కళ్ళు తెరిచింది, నోరు తెరిచింది. గుటుక్కుమంది.

పొద్దు వాలేవేళకు పాము పొట్ట ఉబ్బి, గుర్రు మొదలైంది. ఇద్దరూ గోడకు అతుక్కుని, ఊపిరి బిగబట్టి, దాని పక్కగా జరుగుతూ సొరంగం దాటారు. అవతల ఘాట్‌రోడ్డు మీద ఏదో బస్సు హారన్ మోగింది. ఆ చప్పుడు విని సింహాచలానికి కళ్ళనీళ్ళొచ్చాయి.

"పాపం కదక్కా, మంత్రి?"

"పాపమేరా. అందరికీ చూపించిన స్వర్గం తాను చూడ్డానికి మాత్రం ఏడ్చాడు," అని పైడమ్మ రోడ్డు పక్క తుప్పల్లో మేతకు దిగింది.

నీతి: ఎదుటివాడి ప్రాణం మీద వీరగాథ అల్లేవాణ్ణి ముందు నడవమంటే చాలు, వాడి శౌర్యమెంతో తేలిపోతుంది.