పుచ్చతోటలో ఎడారి

ఒకానొక రాజ్యాన్ని చండభానుడనే రాజు ఏలుతుండేవాడు. తనకు తెలియనిది లోకంలో లేదని ఆయనగారి నమ్మకం. కాదనే ధైర్యం కొలువులో విదూషకుడు కుప్పన్నకొక్కడికే ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. రాళ్ళదిన్నె నుంచి బీరప్ప అనే గొర్రెల కాపరి వచ్చి దణ్ణం పెట్టాడు.

"దొరా, మా గుంటలెండినయ్, గొర్లు పడిపోతున్నయ్. ఎడారి సీమ మందలు ఎండకాలం కోట చెరువుల నీళ్ళు తాగొచ్చని మీ తాతగారు శాసనం ఏయించిన్రు. సెలవియ్యున్రి."

రాజు మీసం దువ్వాడు. "ఎడారంటే ఇసుక. మీ దిన్నె మీద ఉన్నవి రాళ్ళు. అది ఎడారి ఎలా అవుతుందిరా? పో."

బీరప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుప్పన్న లేచాడు.

"ప్రభూ, అయితే ఇసుక ఉన్నచోటల్లా ఎడారేనా?"

"సందేహమెందుకు? ఇది రాజవాక్కు."

మర్నాడు పొద్దున్నే తోటమాలి లబోదిబోమంటూ వచ్చాడు. ఏటి ఇసుకలో రాజుగారు ముచ్చటపడి వేయించిన పుచ్చతోటలో గొర్రెల మంద దిగిందట.

రాజు పల్లకీ మాట కూడా మరచి పరుగెత్తాడు. తోట నడుమ కుప్పన్న తీరిగ్గా కూర్చున్నాడు. పక్కన బీరప్ప బిక్కుబిక్కుమంటున్నాడు.

"ఏమిటీ ఆగడం?"

"వీళ్ళ కాపురం ఇక్కడికి మార్చాను ప్రభూ. చుట్టూ ఇసుకే. తమ వాక్కు ప్రకారం వీళ్ళిప్పుడు ఎడారివాసులు. చెరువు హక్కు దక్కినట్టే."

"నీ మొహం. జానెడు తవ్వితే చెలమ ఊరే చోటు ఎడారా?" అంటూ రాజు కోపంగా ఇసుక తోడాడు. నీళ్ళు ఊరాయి. ఒక గొర్రె వచ్చి గబగబా తాగింది.

ఇసుక ఉన్నా ఇది ఎడారి కాదని తన నోటితోనే అనేశానని రాజుకు అప్పుడు తట్టింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"మరి ఎడారిని ఎడారి చేసేదేమిట్రా?"

"ఇసుకా కాదు, రాళ్ళూ కాదు ప్రభూ. మబ్బు పోసేది చారెడు, ఎండా గాలీ తాగేసేది కడివెడు. అలాంటి నేల ఎడారి."

"వానే పడకపోతే, మంచు కప్పిన నేల కూడా ఎడారేనా?"

"వణుకుతూ ఉన్నా ఎడారే."

రాజు పకపకా నవ్వాడు. "నా చేతనే ఇసుక తవ్వించి నా మాట పూడ్చావు." అప్పటికప్పుడే రాళ్ళదిన్నె మందలకు కోట చెరువు దారి తెరవమన్నాడు. బీరప్ప ప్రాణం లేచొచ్చింది.

"నీకేం కావాలో కోరుకో కుప్పన్నా."

"గొర్రెలు వదిలిన పుచ్చకాయ ఒక్కటిప్పించండి ప్రభూ."

తోటంతా వెతికారు. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. చేసేది లేక రాజు నవ్వుకుంటూ తన ముత్యాలహారం తీసి కుప్పన్న మెడలో వేశాడు.