బొచ్చెల మడుగుకి మేత వేసిందెవరు?

ఎండాకాలం వచ్చిందంటే ఏలేరు ఏరులా ఉండదు. ఇసకలో అక్కడో గుంట, ఇక్కడో గుంట. మలుపు దగ్గరున్న బొచ్చెల మడుగులో మాత్రం నిండా నీళ్ళు, నీళ్ళ నిండా చేపలు. ఆ మడుగు ఎవరికి దక్కితే ఆ వేసవి వాళ్ళ ఇంట్లో రోజూ చేపల పులుసే. మిగతావాళ్ళకి కప్పలు కూడా కరువే.

దీనికోసం కొట్టుకు చావకుండా జంతువులు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. మాఘమాసం చివర్లో, ఏరు ఇంకా పారుతుండగానే, ఒకరోజు అందరూ గాలాలు పట్టుకుని గట్టుకి రావాలి. పొద్దుగుంకే లోపు ఎవరు పెద్ద చేప పడితే ఆ వేసవికి మడుగు వాళ్ళది. గాలంతోనే పట్టాలి. పళ్ళతో పట్టకూడదు, గోళ్ళతో పట్టకూడదు, ముక్కుతో అసలే పట్టకూడదు. ఆ చివరిది కొంగ కోసం తర్వాత కలిపిన రూలు.

ఇంకో రూలుంది. మేత వేసినోళ్ళదే చోటు. అంటే, గాలాల రోజుకి ముందు మూడు సాయంత్రాలు ఒకే చోట నీళ్ళలో తవుడు వేసి చేపల్ని మేతకి మరిగేలా చేస్తే ఆ చోట్లో ఇంకెవరూ కూర్చోకూడదు. గుర్తుగా ఒక పుల్ల పాతి, దానికి రెల్లు గడ్డి ముడి కట్టాలి. ఎవరి ముడి తీరు వాళ్ళది, చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది.

ఆ ఏడు మడుగు ఒడ్డున నేరేడు చెట్టు కింద చోటుకి మేత వేసింది బావురుపిల్లి నూకాలు.

నూకాలుకి ఆ మడుగు సరదా కాదు, అవసరం. పోయినేడు మడుగు దక్కక, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని రోజూ హైవే దాటి అవతలి చేపల చెరువులకి వెళ్ళేది. రోడ్డు మీద లారీలు, చెరువుల దగ్గర కుక్కలు. చిన్నదాని తోక చివర ఆ రోడ్డు మీదే పోయింది. ఈ ఏడు మళ్ళీ ఆ రోడ్డు దాటితే పోయేది తోకతో ఆగదని దానికి తెలుసు.

అందుకే రైస్ మిల్లు ఎలకల దగ్గరకెళ్ళి బేరం పెట్టింది. "వారం రోజులు మీ జోలికి రాను. నాకు నాలుగు సంచుల తవుడు ఇవ్వండి."

"ఒట్టు?" అన్నాయి ఎలకలు, కన్నంలోంచే.

"ఒట్టు."

ఆకలేసినా ఒట్టు తప్పలేదు. సాయంత్రానికో సంచి తవుడు గట్టు మీద కుమ్మరించి, ఏటి ఒడ్డు బంకమట్టి కలిపి, నీళ్ళు చిలకరించి, మోచేతుల దాకా పిసికి, వెలక్కాయంత ముద్దలు చేసి నీళ్ళలో వదిలేది. మట్టి బరువుకి ముద్ద నేరుగా అడుక్కి దిగుతుంది. అక్కడ మెల్లగా కరుగుతూ తెల్లార్లూ చేపల్ని కూర్చోబెడుతుంది. మూడు సాయంత్రాలకి మూడు సంచులు అయిపోయాయి. ఒకటి మిగిలింది.

గాలాల రోజు తెల్లారగానే నూకాలు గాలం కర్రా మిగిలిన తవుడు సంచీ భుజాన వేసుకుని నేరేడు చెట్టు దగ్గరకి వచ్చింది. అక్కడ నక్క కామేశం కాళ్ళు జాపుకుని కూర్చుని ఉన్నాడు. గాలం అప్పటికే నీళ్ళలో ఉంది.

"ఏంటి మరిదీ, దారి తప్పావా? అది నా చోటు."

"నీ చోటా? ఎక్కడా నీ పేరు కనపడదే వదినా!"

"మూడు సాయంత్రాలు మేత వేశాను."

"నేనూ మూడు సాయంత్రాలే వేశాను. ముడి చూసుకో."

నూకాలు పుల్ల వంక చూసింది. పుల్ల తనదే. ముడి మాత్రం తనది కాదు. ఎవరో పాత ముడి కోసేసి కొత్తది కట్టారు. ఆ ఎవరో ఎదురుగానే కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాడు.

"ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఏంటో అనుకున్నా. నీకు కొమ్ములు ఎప్పుడు మొలిచాయి కామేశం?"

"పొద్దున్నే తిట్లెందుకు వదినా? పెద్దాయన్ని పిలు."

పెద్దాయనంటే ఎలుగుబంటి భద్రయ్య. ఏటి గట్టు తగువులన్నీ ఆయనే తీరుస్తాడు. ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, పుల్ల చూశాడు, ముడి చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు.

"ముడి కామేశానిది. నూకాలమ్మా, నువ్వు మేత వేస్తుంటే చూసినవాళ్ళున్నారా?"

"ఉన్నారు ఉన్నారు! నేను చూశానండీ!" అంటూ రెక్కలు కొట్టుకుంటూ దిగాడు కొంగ శేషగిరి. "రోజూ సాయంత్రం చూశాను. నూకాలే వేసింది. ఆయ్!"

భద్రయ్య నిట్టూర్చాడు. "శేషగిరీ, నిన్న నీ గాలానికి ఎంత చేప పడిందన్నావు?"

"నా అంత. ఒడ్డుకొచ్చి తప్పించుకుంది."

"మొన్న?"

"నాకు రెండింతలు. అదీ ఒడ్డుకొచ్చే..."

"అటు మొన్న?"

శేషగిరి ఒంటికాలు మార్చుకున్నాడు. "మొసలంత అన్నాను గానీ... కొంచెం తక్కువే ఉంటుంది."

గట్టంతా నవ్వింది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పిన రోజున కొంగని ఒక్కడూ నమ్మలేదు.

"వేరే సాక్ష్యం లేదు కాబట్టి ముడి ఎవరిదో చోటు వాళ్ళది. నూకాలమ్మా, కింద రాళ్ళ దగ్గర ఖాళీ ఉంది, అక్కడ కూర్చో. పొద్దెక్కుతోంది, ఇంక కానివ్వండి," అని భద్రయ్య తన గాలం తీసుకుని వెళ్ళిపోయాడు.

కోపంలో ఎవరికైనా సరైన మాట తట్టదు. నూకాలుకీ తట్టలేదు. మూతి బిగించుకుని, కర్రా సంచీ పట్టుకుని, నేరేడు చెట్టుకి ఏటివాలుగా యాభై అడుగుల కిందనున్న రాళ్ళ దగ్గరకి పోయింది. అక్కడ నీళ్ళు పల్చగా, గలగలమంటూ పారుతున్నాయి. ఎర వెయ్యగానే వేలంత పరిగె చేప పడింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పరిగె.

పైన కామేశానికి పండగే. వానపాము గుచ్చి వెయ్యడం, బెండు మునగడం. ఎండెక్కే లోపే రెండు కిలోల శీలావతి చేప ఒడ్డున పడింది.

"వదినా! చూశావా? నా మేత మహిమ!"

"చూశాన్లే. నువ్వు కూడా నీ చేపని చూసుకో, దానికి నీకంటే సిగ్గెక్కువున్నట్టుంది, కళ్ళు మూసుకుంది."

"చేపలకి రెప్పలుండవు వదినా."

"సిగ్గుపడాల్సొస్తే మొలుస్తాయి."

మాటకి మాట అంటున్నా నూకాలు కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. నేరేడు చెట్టు మీంచి రాలిన ఒక ఎండుటాకు నీళ్ళ మీద పడింది. చెట్టు కింద ఒక చుట్టు తిరిగి, తిన్నగా కిందకొచ్చి, తన రాళ్ళ మధ్యకి దూరింది. ఇంకో ఆకు పడింది. అదీ అదే దారి. నూకాలు మూడో ఆకు దాకా ఆగింది. మూడోదీ వచ్చింది.

అప్పుడు లేచి, సంచి భుజానేసుకుని పైకి నడిచింది.

"మరిదీ, ఓ మాట. గెలిచేలా ఉన్నావు, ఒప్పుకుంటున్నాను."

"అలా రా దారికి!"

"కానీ ఎండెక్కింది, ఇంకా మేత వెయ్యలేదేం? మూడు పూటలు మరిగిన చేపలు. నాలుగో రోజు మేత కనపడకపోతే పక్కకి పోవూ?"

కామేశం ఒక్క క్షణం తడబడ్డాడు. మేత వెయ్యడమంటే ఏంటో వాడికేం తెలుసు? నూకాలు సంచి మోసుకుపోవడం దూరంనుంచి చూశాడు తప్ప, ఆ తర్వాత ఏం చేసిందో చూడలేదు. అయినా నక్క నక్కే. "వేద్దామనే చూస్తున్నా వదినా. తవుడు ఇంటి దగ్గర మర్చిపోయా."

"నా దగ్గర ఒక సంచుంది, కావాలా?"

వాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఊరికే ఇస్తావా?"

"ఊరికే ఇవ్వడానికి నువ్వు నా అల్లుడివా? వేసవిలో వారానికి రెండు పూటలు నన్ను, నా పిల్లల్ని మడుగులో దిగనివ్వు. సంచి ఇస్తాను."

బేరమనేసరికి కామేశం అనుమానం చల్లారింది. ఊరికే ఇచ్చేవాళ్ళని వాడు నమ్మడు, బేరమాడేవాళ్ళని నమ్ముతాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని లోపల అనుకుని, పైకి, "రెండెందుకు, మూడు పూటలు దిగు వదినా. మనలో మనకేంటి!" అన్నాడు.

ఈ మాటలు విని గట్టు మీద వాళ్ళంతా అటు తిరిగారు. భద్రయ్య కూడా గాలం పక్కన పెట్టి చూస్తున్నాడు. "వెయ్యి కామేశం, మూడ్రోజులు వేసిన చెయ్యి కదా. మేమూ చూసి నేర్చుకుంటాం."

కామేశం సంచి మూతి విప్పాడు. ఓరగా నూకాలు వైపు చూసి, గొంతు తగ్గించి, "మొత్తం వెయ్యనా?" అన్నాడు.

"మేత వేసినోడివి నువ్వు. నన్నడుగుతావేంటి?"

అందరూ చూస్తున్నారు. తక్కువ వేస్తే పిసినారంటారని వాడికి భయం. సంచి రెండు చేతులా ఎత్తి, తలకిందులు చేసి, దులిపి మరీ మొత్తం తవుడు నీళ్ళలో పోసేశాడు. పొడిపొడిగా, మట్టి లేదు, తడి లేదు.

తవుడు మునగలేదు. ఏటి మీద చాప పరిచినట్టు తేలింది. ఒక చుట్టు తిరిగింది. కదిలింది. కామేశం కళ్ళముందే, ఆకులు పోయిన దారినే, తిన్నగా కిందకి పోవడం మొదలుపెట్టింది.

"ఏయ్... ఏయ్, ఆగు!" అన్నాడు కామేశం తవుడుతో.

ఆగుతుందా? దాని వెనకే మడుగులో నీళ్ళు కుతకుతలాడాయి. బొచ్చె చేపలు పైన తేలే మేతని చూస్తే ఆగలేవు. ఇంతింత నోళ్ళు తెరుచుకుని, చప్పరించుకుంటూ, పెళ్ళి ఊరేగింపులా తవుడు వెంట కిందకి బయల్దేరాయి.

అప్పటికే నూకాలు రాళ్ళ దగ్గరుంది. జీలుగ బెండుని కిందకి జరిపి గాలానికి జానెడు దూరంలో బిగించింది. ఎర నీళ్ళ పైపైనే నిలవాలి కదా. గాలానికి అన్నం ముద్ద గుచ్చింది. తవుడు రాళ్ళ మధ్యకి రాగానే అందులోకి మెల్లగా వదిలింది.

బెండు మునగలేదు. మాయమైంది.

కర్ర విల్లులా వంగింది. నూకాలు వెనక్కి వాలింది. చేప నడి ఏట్లోకి లాగింది, నూకాలు వదిలింది. అది ఆగింది, నూకాలు దారం చుట్టింది. లాగితే వదలడం, ఆగితే చుట్టడం. కాళ్ళ కింద రాయి జారింది, అయినా కర్ర వదల్లేదు. చాలాసేపటికి అవతలి చివర బలం తగ్గింది. నీళ్ళ మీద వెండి పళ్ళెంలా చేప ఒళ్ళు మెరిసింది.

"నా అంతుంది! నిజంగా నా అంతుంది!" అని అరిచాడు శేషగిరి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

భద్రయ్య వచ్చి ఒక చేత్తో శీలావతిని, ఇంకో చేత్తో బొచ్చెని ఎత్తాడు. బొచ్చె ఉన్న చెయ్యి కిందకి దిగిపోయింది. "ఇంక తూకమెందుకు? పొద్దుగుంకే దాకా ఆగినా దీన్ని మించింది పడదు. మడుగు నూకాలుది."

"అన్యాయమండీ!" కామేశం పరిగెత్తుకొచ్చాడు. "అది నా మేతకొచ్చిన చేప! మేత వేసింది నేను!"

"మంచి మాట అన్నావు. కామేశం, మూడు సాయంత్రాలూ మేత ఇలాగే వేశావా?"

"ఇలాగేనండి. అచ్చం ఇలాగే."

"అయితే మూడ్రోజుల మేతా ఉప్పాడ వెళ్ళి సముద్రంలో కలిసుండాలే! మరి నేరేడు చెట్టు కింద చేపలు ఏం తిని మరిగాయి?"

కామేశం తేలు కుట్టిన దొంగలా తోక కాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"నూకాలమ్మా, నువ్వెలా వేశావు?"

"బంకమట్టి కలిపి పిసికి, ముద్దలు చేసి వేశానండి. పారే ఏట్లో పొడి తవుడు పోస్తే చోటు నాది, చేపలు కిందోడివి."

భద్రయ్య చెట్టు దగ్గరకి నడిచి, కామేశం కట్టిన ముడి ఊడబెరికి ఏట్లో పారేశాడు. "దొంగ ముడి కట్టినోడు ఏడాది గాలం ముట్టకూడదు. వీడికి మేత వెయ్యడం కూడా వచ్చినట్టు లేదు, నేర్పిద్దాం. వచ్చే గాలాల రోజుకి గట్టు మీద అందరి మేతకీ మట్టి పిసికేది కామేశమే. ఇవాళ్టి నుంచే మొదలు, తవుడు కూడా వాడే తెచ్చుకోవాలి. మడుగులో చేపలు చెదిరిపోకుండా నూకాలుకి సాయంత్రం మేత కావాలి."

పొద్దు వాలేసరికి కామేశం గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా బంకమట్టి, మీసాల నిండా తవుడు. ఒక ముద్ద చేసి పైకెత్తి చూపించాడు.

"ఇది చాలా వదినా?"

నూకాలు దాన్ని వేలితో నొక్కింది. ముద్ద రెండు ముక్కలైంది.

"ఇంకా పిసుకు మరిదీ."

నీతి: ఎదుటోడి చోటు దొంగిలించొచ్చు గానీ, ఎదుటోడి పనితనం దొంగిలించలేం.