కలపని క్యాన్

దివిసీమలోని ఒక పాల కేంద్రంలో నాంచారయ్య అనే ఉద్యోగి ఉండేవాడు. పాలు పరీక్షించడంలో దిట్టే గాని, తన బల్ల దాటి పక్కవాళ్లు ఏం చేస్తున్నారో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ క్యాన్లలో పాలు వచ్చేవి. నాంచారయ్య గరిటెతో కాసిని పాలు తీసి, వాటిలో వెన్న శాతం ఎంతో తేల్చేవాడు. రైతుకు ధర ఆ శాతాన్ని బట్టే. పదమూడేళ్లుగా అతను చెప్పిందే వేదం. క్యాన్లు దించేవాళ్లూ కడిగేవాళ్లూ ఏదైనా చెప్పబోతే, "అది నా పని కాదు" అని మొహం తిప్పుకునేవాడు. ఆ మాటకు జీతమిస్తే ఈపాటికి మేడ కట్టేవాడే.

ఒక వేసవిలో కేంద్రానికి కబురొచ్చింది. పాలు పరీక్షించే యంత్రం వస్తోంది, నాంచారయ్య చేసే ఉద్యోగం ఇక ఉండదు. సూపర్‌వైజరు ఉద్యోగం మాత్రం ఒకటి ఖాళీగా ఉంది. దానికి బయటివాళ్లను పిలవరు, కేంద్రంలో పనిచేస్తున్నవాళ్లనే ఇంటర్వ్యూ చేసి ఎంచుకుంటారు. అది దక్కకపోతే నాంచారయ్య మూడు జిల్లాల అవతలికి బదిలీ మీద వెళ్లాలి. కూతురు పదో తరగతికి వచ్చింది. భార్య సామ్రాజ్యం కుట్టుపని ఇప్పుడిప్పుడే నాలుగు చేతులా సాగుతోంది. ఆ సంసారాన్ని వేళ్లతో పెకలించి తీసుకుపోవాలంటే అతనికి మనసు రాలేదు.

"ఈ ఉద్యోగం నాదే. వదిలేది లేదు" అని నాంచారయ్య పంతం పట్టాడు. విజయవాడ వెళ్లి ఇంటర్వ్యూ ప్రశ్నలున్న దిండంత పుస్తకం కొనుక్కొచ్చాడు. తెల్లవారుజామునే లేచి బట్టీ పట్టాడు. అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం, లేవడం, నమస్కారం పెట్టడం సాధన చేశాడు. కూతురు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిస్తే అవి కూడా నోటికి ఎక్కించుకున్నాడు.

"అన్నీ చదువుతున్నారు, బాగానే ఉంది. మీ కేంద్రంలో జరిగే పని గురించే అడిగితేనో?" అంది సామ్రాజ్యం.

"పదమూడేళ్లుగా చేస్తున్న పనే! అదీ చదవాలా?" అని నాంచారయ్య నవ్వేశాడు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. పెద్దాఫీసు నుంచి ఇందుమతి గారనే అధికారిణి వచ్చింది. ఆవిడ పుస్తకంలోది ఒక్క ముక్కా అడగలేదు. గదిలో ఒక మూలనున్న పాల క్యాన్ చూపించింది.

"ఇవి పొద్దున వచ్చిన గేదె పాలు. కొత్తవాళ్లకు నేర్పుతున్నారనుకుని పరీక్ష చేసి చూపించండి" అంది.

నాంచారయ్యకు ప్రాణం లేచొచ్చింది. మూత తీశాడు. గరిటె ముంచి పాలు తీశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. కాసేపటికి, "తొమ్మిదిన్నర శాతం అండీ" అన్నాడు గర్వంగా.

ఇందుమతి గారు కోటమ్మను పిలిపించింది. కోటమ్మ క్యాన్లు దించే మనిషి. "ఇందులోంచి కాసిని పాలు తీసి ఇతనికివ్వమ్మా" అంది ఆవిడ. కోటమ్మ వెళ్లి, చివర చిల్లుల బిళ్ల ఉన్న పొడవాటి కడ్డీ తెచ్చింది. దాన్ని క్యాన్ అడుగుదాకా దించి, పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, అప్పుడు పాలు తీసింది. ఈసారి పరీక్షలో ఆరున్నరే వచ్చింది.

నాంచారయ్య తెల్లబోయాడు. కదలకుండా ఉన్న పాలలో మీగడ పైకి తేలుతుంది. అతను తీసింది ఆ పైపాలే. రోజూ అతని బల్ల దగ్గరికి వచ్చేలోపే కోటమ్మ ప్రతి క్యానూ కలిపేది. పదమూడేళ్లలో అతను అది గమనించనే లేదు.

"రేపు కోటమ్మ సెలవు పెడితే ఇన్ని ఊళ్ల రైతులకూ తప్పు లెక్క చెబుతారన్నమాట" అంది ఇందుమతి గారు. "సూపర్‌వైజరు చూడాల్సింది ఒక్క బల్ల కాదండీ, కేంద్రమంతా." మిగతావాళ్లు కూడా ఆవిడకు నచ్చలేదు. రెండు నెలల తర్వాత మళ్లీ ఇంటర్వ్యూ పెడతానని వెళ్లిపోయింది.

నాంచారయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు ఇల్లు వదిలేసి రచ్చకెక్కారు" అంది సామ్రాజ్యం. "అయినా ఏం మునిగిపోయింది? రెండు నెలలుందిగా. తినండి."

మర్నాడు నాంచారయ్య రెండు గంటలు ముందే కేంద్రానికి వెళ్లి కోటమ్మ ఎదుట నిలబడ్డాడు.

"కోటమ్మక్కా, నాకు నీ పని నేర్పు."

కోటమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్లకి నా పేరు నీ నోట విన్నానయ్యా" అంది.

"తప్పయిందక్కా" అన్నాడు నాంచారయ్య.

"సర్లే, ప్యాంటు పైకి మడుచుకో. ముందు ఆ క్యాన్లు దించు" అంది కోటమ్మ.

ఆ రోజు నుంచి తన పనికి ముందో తర్వాతో రోజూ రెండు గంటలు అతను ఒక్కొక్కరి దగ్గరా పని నేర్చుకున్నాడు. మొదటి వారం భుజాలు పడిపోయాయి. తర్వాత నెల రోజులు క్యాన్లు కడిగాడు. పాలు చల్లబరిచే యంత్రం దగ్గరా నిలబడ్డాడు. "సూపర్‌వైజరు గారు అంట్లు తోముతున్నారోయ్!" అని కొందరు ఎగతాళి చేశారు. అతను తలెత్తకుండా తోముకుంటూ పోయాడు. ఒక్కరోజు కూడా మానలేదు.

రెండో ఇంటర్వ్యూలో ఇందుమతి గారు ఇలా అడిగింది: "కొన్ని ఊళ్ల పాలు దారిలోనే విరిగిపోతున్నాయి. వాళ్లకు శుభ్రత లేదని మీ కేంద్రం వెనక్కి పంపేస్తోంది. మీరైతే ఏం చేస్తారు?"

"ఒక్కసారి నాతో రండి మేడం" అన్నాడు నాంచారయ్య.

క్యాన్లు కడిగే చోటికి తీసుకెళ్లాడు. అప్పుడే కడిగి బోర్లించిన వరసలో చిట్టచివరి క్యాన్ మూత తీసుకుని, దాని రబ్బరు వాషరు ఊడదీశాడు. కింద పాచిపాలు జిగటగా అంటుకుని ఉన్నాయి. పుల్లటి వాసన గుప్పుమంది.

"ఊరివాళ్ల తప్పు కాదండీ, మనదే. చివరి పాతిక క్యాన్ల దగ్గరికొచ్చేసరికి వేణ్ణీళ్లు అయిపోతాయి. వాటిని చన్నీళ్లతో కడిగి ఆ ఊళ్లకు పంపేస్తున్నాం. ఈ పాచి తగిలే వాళ్ల పాలు విరుగుతున్నాయి."

"మీకెలా తెలుసు?"

"నెల రోజులు నేనే కడిగానండీ. కడిగేవాళ్లు ఈ మాట ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నారు. నాకూ చెప్పారు. నేను వినలేదు."

ఇందుమతి గారు ఆ మూతను ఒకసారి చూసింది, అతని ఒరుసుకుపోయిన చేతుల్ని ఒకసారి చూసింది. "అయితే సూపర్‌వైజరుగా మీరు చేయాల్సిన మొదటి పని ఆ వేణ్ణీళ్ల సంగతి చూడటమే" అంది.

నీతి: పదిమందిని నడిపించాలనుకునేవాడు ముందు ఆ పదిమంది పనీ తెలుసుకోవాలి.